నీళ్ళ తొట్టి పక్కన ఉప్పు

ఆస్ట్రేలియా బీడుల్లో ఆవుల్ని మేపుకునే ఆ ఇంటికి పక్కిల్లంటే తొంభై మైళ్ళు. అందుకే జిలియన్‌కి బడంటే వంటింట్లో ఉన్న రేడియో పెట్టె, అందులోంచి వినిపించే మిస్ హాలరన్ గొంతు. నాలుగు నెలలుగా ఆ పదేళ్ళ పిల్లను పేరు పెట్టి పిలుస్తున్న గొంతు అదొక్కటే. అమ్మ అడిలైడ్ వెళ్ళిపోయి, ఇక రానని ఉత్తరం రాసింది. ఆనాటి నుంచి నాన్న నెవిల్, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉన్నాడు.

ఆ మంగళవారం మిస్ హాలరన్ పాఠం చెబుతోంది.

"సోడియం ఒక లోహం, పిల్లలూ. నీళ్ళు తగిలాయో, భగ్గుమంటుంది. క్లోరిన్ విషపు గాలి, పీలిస్తే ప్రాణం తీస్తుంది. ఆ రెండూ కలిస్తేనే మనం తినే ఉప్పు. అయితే..."

అంతే. ఎక్కడో పిడుగు పడింది. రేడియో గరగరమని మూగబోయింది.

ఆ 'అయితే' తర్వాత ఏముందో పాపం ఆ పిల్లకి ఎవరు చెప్పాలి? పశువులు నాకడానికి నాన్న పెట్టిన ఉప్పు దిమ్మలు నీళ్ళ తొట్టి పక్కనే ఉన్నాయి. ఒక్కటి నీళ్ళలో పడిందా, అంతే సంగతులు. ఆవులు కూడా పోతే నాన్న పొద్దున్నే మంచం దిగడానికి ఇంకేం మిగులుతుంది? జిలియన్ నాలుగు దిమ్మల్నీ గోనెపట్టా మీద ఈడ్చుకుపోయి కంచె అవతల పడేసింది. చేతులు బొబ్బలెక్కాయి.

సాయంత్రం ఆ నిర్వాకం నెవిల్ కంటపడనే పడింది.

"ఏమే జిల్, బుద్ధుందా? ఆవులు ఇంకేం నాకాలి, నా బూట్లా?"

"అది పేలుతుంది నాన్నా! విషం కూడా! మిస్ చెప్పింది."

నెవిల్ కూతుర్ని ఎగాదిగా చూశాడు. కంచె అవతలి నుంచి ఒక దిమ్మను తొట్టి దగ్గరికి ఈడ్చుకొచ్చి, వంగి అంచు విరిచాడు. సగం నోట్లో వేసుకుని, మిగతా సగం తొట్టిలో పడేశాడు. జిలియన్ చెవులు గట్టిగా మూసుకుంది. ఏమీ కాలేదు.

"కలిశాక అవి వేరే అయిపోతాయే. పాత గుణం ఒక్కటీ మిగలదు."

నాలుగు నెలల్లో అతను కసరకుండా ఆడిన మాటల్లో అదే పొడుగైనది. జిలియన్‌కి ప్రాణం లేచొచ్చింది.

"మరి విడదీస్తే? మళ్ళీ మొదట్లోలాగే అయిపోతాయా?"

"ఉప్పయితే అవుతుంది." నెవిల్ దిమ్మ మీద కూలబడ్డాడు. "మీ అమ్మ రాకముందు పదకొండేళ్ళు ఇక్కడ ఒక్కణ్ణే ఉన్నాను. హాయిగా ఉన్నాను, తెలుసా? ఇప్పుడు చేతకావడం లేదు."

జిలియన్ పక్కనే చతికిలబడింది.

"నాకైతే ఎప్పుడూ చేతకాదు నాన్నా. నువ్వుండగానే ఒక్కదాన్నే ఉంటున్నా."

నెవిల్ బొబ్బలెక్కిన ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. లేచి వెళ్ళిపోలేదు.