కుట్టు ఊడితే

పొద్దున సంచి పట్టీ మీద రెండో వరస కుట్టు వేస్తుండగా కూతురి ఫోను టింగుమంది. దర్జీ కాలు పెడల్ మీదే ఆగిపోయింది.

"నాన్నా, మన దుకాణం ఆపేశారు!"

దుకాణమంటే గది కాదు. వీధిలో కొట్టు వదులుకున్నాక, ఇంటి ముందుగదిలో కుట్టిన సంచులన్నీ ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలోనే అమ్ముడుపోతున్నాయి. ఫొటోలు, ఆర్డర్లు కూతురు చూస్తుంది. కత్తిరించడం, కుట్టడం, మడిచి కవర్లో పెట్టడం ఆయన పని. ఇద్దరి బతుకూ అదే.

కూతురు నోటీసు పైకి చదివింది. పార్సిళ్ళలో సొంత ఫోన్ నంబరు పెట్టి కొనేవాళ్ళను అంగడి బయట బేరాలకు లాక్కుంటున్నారట. సాయంత్రం నాలుగులోగా వివరణ ఇవ్వకపోతే ఖాతా శాశ్వతంగా మూసేస్తారట.

"నంబరేంటి, లాక్కోడమేంటి? ఎవడో గిట్టనివాడి పని," అంటూ హెల్ప్‌లైనుకి ఫోను చేసింది.

దర్జీ తలెత్తలేదు. మిషను సొరుగులో రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట ఉంది. 'కుట్టు ఊడితే ఈ నంబరుకి చెప్పండి. ఊరికే వేసిస్తాను.' మూడు నెలలుగా ప్రతి సంచి లోపలి జేబులో ఒకటి పెడుతున్నాడు. కొట్టున్న రోజుల్లో ఊడిన కుట్టు తిరిగి ఆయన దగ్గరికే వచ్చేది. ఇప్పుడు సంచి ఏ ఇంటికి పోతోందో తెలియదు. తనది అని చెప్పుకోకుండా సరుకు పంపడం ఆయనకు చేతకాలేదు. అది నేరమని ఎక్కడో రాసి ఉంటుందని ఊహించనూ లేదు.

చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎడమ భుజం లాగుతోంది. భయం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని మంచినీళ్ళు తాగాడు.

మధ్యాహ్నం మూడు దాటినా, మీ కాల్ మాకెంతో ముఖ్యమని ఫోను పాడినపాటే పాడుతోంది.

"అంత ముఖ్యమైతే ఎత్తి చావొచ్చుగా!" కూతురు ఫోను పెట్టేసి వివరణ టైపు చేయడం మొదలుపెట్టింది. రాస్తూ పైకి చదివింది. "మేము ఏ చీటీలూ పెట్టలేదు. ఇది పచ్చి అబద్ధం. బాగుందా నాన్నా? పంపేస్తున్నా."

ఆమె బొటనవేలు గాల్లో ఉంది.

"ఆగమ్మా. నేనే పెట్టాను."

సొరుగు తెరిచి చూపించాడు. ఆమె ఒక చీటీ తీసి చాలాసేపు చూసింది.

"ఇంత గుండ్రంగా రాయాలా నాన్నా? దొరికినా అందంగా దొరకాలనా?" నవ్వబోయింది, నవ్వు రాలేదు. "పొద్దున్నే చెప్పొచ్చుగా?"

"భయమేసింది."

"నేనంటేనా?"

ఆయన చీటీల కట్టకి మళ్ళీ రబ్బరు బ్యాండు వేశాడు. ఆమె రాసిందంతా చెరిపేసి మళ్ళీ రాసింది. 'మా నాన్నగారు దర్జీ. తెలియక పెట్టారు. ఇక పెట్టరు.' నాలుగుకి పది నిమిషాలుండగా పంపింది.

"ఇక ఒక్క చీటీ కూడా వద్దు."

"సరేనమ్మా. మరి ఊడితే ఎవరికి చెప్పుకుంటారు?"

"కంపెనీకి."

"కంపెనీకి కుట్టడం రాదు కదా."

కూతురు ఫోను తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండా కూర్చుంది. ఆయన కవర్లో పెట్టేసిన సంచులు ఒక్కొక్కటే బయటికి తీశాడు. ఇంక ఎవరూ తనని వెతుక్కోలేరు కాబట్టి, ఎవరికీ వెతుక్కునే అవసరం రాకూడదు. పట్టీల మొదళ్ళలో మూడో వరస వేయసాగాడు. మిషను చప్పుడు కాసేపు సాగి, ఆగింది. దారం మారుస్తున్నాడనుకుంది ఆమె.

ఫోను టింగుమంది. వివరణ అందిందట, పరిశీలిస్తారట.

"ఇంకా మూసెయ్యలేదు నాన్నా!"

ఆయన మిషను మీద నుదురు ఆనించి ఉన్నాడు. అలిసిపోయి కునుకు తీస్తున్నాడనుకుని, మెల్లగా వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. తల పక్కకి వాలిపోయింది, ఊపిరి లేదు.

పక్కింటివాళ్ళు ఆయన్ని మోసుకెళ్ళి లోపలి గదిలో పడుకోబెట్టారు. సూది కింద నీలం సంచి అలాగే ఉండిపోయింది. దాని ఒక పట్టీకి మూడు వరసలు, రెండో పట్టీకి రెండే.