స్లాబు ఆగిన చోటు

కొత్తపేట జనార్ధన్‌కి చికాగో పిచ్చి పట్టిందని ఊరంతా చెప్పుకునేవారు. పిచ్చి అనడం కొంచెం ఎక్కువే, కానీ అసలు లేదనడానికీ వీల్లేదు. దిల్‌సుఖ్‌నగర్ దాటితే విజయవాడ రోడ్డుకి రెండు పక్కలా ద్రాక్షతోటలు తప్ప ఇంకేమీ లేని రోజులవి. పొద్దు వాలితే మలక్‌పేట రిక్షావాడు ఇటు రానంటే రానని మొండికేసేవాడు. అలాంటి చోట, తన తోట మూలన రోడ్డు మలుపు తిరిగే జాగాలో, నాలుగంతస్తుల మేడ కడతానని బయలుదేరాడు ఈ మహానుభావుడు. కింద దుకాణాలు, పైన ఆఫీసులు. ఎవరి ఆఫీసులయ్యా అని అడిగితే, "ముందుగాల బిల్డింగు లేవనీ, ఆఫీసులు అవ్వే ఒస్తయి" అనేవాడు.

ఈ పిచ్చి అంటించినవాడు రామస్వామి. ఏదో సర్కారు ఆఫీసులో నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. తెనాలి వైపు మనిషి, పెళ్లాంతో దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికుండేవాడు. ఒకనాడు ద్రాక్షపళ్లకని తోటకొచ్చి, సంచీలోంచి ఒక అమెరికా పత్రిక తీసి చూపించాడు. అందులో చికాగో నగరం నడిబొడ్డున ఒక వీధి మలుపు. ఆ మలుపులో మేడ. దాని మూల పదునుగా లేదు, ఆడవాళ్ల గాజులా గుండ్రంగా తిరిగింది. గోడలకన్నా కిటికీలే ఎక్కువ.

"గిన్ని కిటికీలు పెడితే గోడ నిలుస్తదా సారూ?" అన్నాడు జనార్ధన్.

"గోడ బరువు మోయదండీ. బరువంతా స్తంభాలూ స్లాబులే మోస్తాయి. గోడ ఉత్త తెర. ఆ ఊరు ఒకప్పుడు మొత్తం తగలబడిపోయింది. మళ్లీ కట్టుకునేటప్పుడు ఇలా పైకి కట్టుకోవడం నేర్చుకున్నారు."

బూడిదైన ఊరు ఇంతెత్తు లేచిందా అని జనార్ధన్ నోరు తెరిచాడు. ఆ పత్రిక మరి తిరిగివ్వలేదు. అది దేవుడి పటం పక్కన చేరింది. భార్య ఆండాలు పొద్దున్నే దీపం పెడుతూ, "గీ బంగ్లాకు గూడ బొట్టు పెట్టమంటవా ఏంది?" అని దెప్పేది.

రామస్వామి నక్షా గీశాడు. ఆదివారాలు, సెలవులు అన్నీ దానికే పోశాడు. బొమ్మలో ఉన్నట్టే గుండ్రటి మూల, కింద వరుసగా దుకాణాలు, ఎండ పడకుండా పైన చూరు. ప్రతిఫలం మాటెత్తితే నొచ్చుకునేవాడు. "ఆఫీసులో పదేళ్లుగా మరుగుదొడ్లూ గోదాములూ గీస్తున్నానండీ. నాకిది మొదటి బిల్డింగు" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా జనార్ధన్‌కి అతని మీద సొంత తమ్ముడి మీద పుట్టినంత ప్రేమ పుట్టేది.

కట్టే మేస్త్రి యెహెజ్కేలు. తుర్కయంజాల్ క్రైస్తవుడు. రాయీ సున్నంతో చుట్టుపక్కల సగం ఇళ్లు కట్టిన చెయ్యి. అయితే ఇంత పెద్ద కాంక్రీటు స్లాబు అతనికీ కొత్తే. అందుకని రామస్వామి సాయంత్రాలు వచ్చి, నేల మీద పుల్లతో గీసి చెప్పేవాడు. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పిన మాట ఒకటుంది. స్లాబు మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. తప్పనిసరై ఆపాల్సి వస్తే ఎక్కడపడితే అక్కడ ఆపకూడదు, దానికి తగిన చోటుంటుంది. అక్కడ పలక అడ్డం పెట్టి తిన్నగా ఆపాలి.

"గా జాగ మాకెట్ల తెలుస్తది సారూ?" అని అడిగాడు యెహెజ్కేలు.

"నేనుంటాగా. చూపిస్తాను."

ఆ ఏడే, అంటే అరవైతొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ గొడవ రాజుకుంది. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. జనార్ధన్ మనసు కూడా ఆ గొడవవైపే ఉండేది. ఆండాలు తమ్ముడు జంగయ్య బాగా చదువుకుని కూడా గుమాస్తా ఉద్యోగానికి ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి వచ్చాడు. ఆ కుర్చీలో ఆంధ్ర వైపునుంచి వచ్చినవాడు కూర్చున్నాడని వాడి కడుపు మంట. ఆ మంటలో న్యాయం లేదని జనార్ధన్ ఎన్నడూ అనుకోలేదు. కానీ రామస్వామిని ఆ లెక్కలో ఎక్కడ పెట్టాలో ఆయనకి అంతుపట్టేది కాదు. అందుకని ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా తోటలోకి వెళ్లి నీళ్లు కట్టుకునేవాడు.

"గొడవలు సద్దుమణిగాక స్లాబు వేద్దామండీ" అన్నాడు రామస్వామి.

"ముహూర్తం పెట్టిచ్చిన సారూ. గిది దాటితే ఆషాఢం, ఈ ఏడు అధికమాసం గూడ కలిసింది. శ్రావణం దాక మంచిరోజు లేదు. ఆలోపట వానలు పడ్తయి, కిందికెల్లి స్లాబుకు ఊతం పెట్టిన కట్టెలన్ని ఉబ్బుతయి. ఆ దినం బందు గూడ లేదంట, నేను అరుసుకున్న."



స్లాబు పోసిన రోజు ఉదయం ఎంతో బాగా మొదలైంది. తుర్కయంజాల్ నుంచి, బాలాపూర్ నుంచి కూలీలు ట్రాక్టర్లలో దిగారు. ఆండాలు కొబ్బరికాయ కొట్టింది. ఆ పక్కనే యెహెజ్కేలు తలగుడ్డ తీసి కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. స్లాబుకి మొదటి తట్ట ఇంటి యజమాని పోయడం రివాజు. జనార్ధన్ ఆ తట్ట ఎత్తి, అందరూ చూస్తుండగా రామస్వామి చేతిలో పెట్టాడు.

"మొదటి తట్ట నీదే సారూ. గీ బిల్డింగుకు తల్లివి నువ్వే."

రామస్వామి తెల్ల చొక్కా మీద తట్టలోని కాంక్రీటు మాలు ఒలికింది. తుడుచుకోకుండా నవ్వాడు. ఆ నవ్వు జనార్ధన్‌కి జీవితాంతం గుర్తుండిపోయింది, ఉండకపోతే బాగుండును.

పొద్దెక్కేసరికి స్లాబు సగానికి వచ్చింది. అప్పుడు మలక్‌పేట వైపునుంచి కేకలు వినిపించాయి. పొద్దున్న పట్నంలో ఏదో జరిగిందట, అప్పటికప్పుడు బందు అన్నారట. రోడ్డు నిండా కుర్రాళ్లు, జెండాలు, నినాదాలు. ముందు వరసలో జంగయ్య.

"బావా, పని బంద్ పెట్టాలె" అన్నాడు జంగయ్య, కాస్త మొహమాటంగానే.

"జర పొద్దుగూకే దాక ఆగుండ్రిరా. స్లాబు నడుస్తున్నది, నడుమల ఆపొద్దు."

గుంపులో ఎవరో తెలియని కుర్రాడు ముందుకొచ్చాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోయి ఎన్నాళ్లయిందో. "గీ బిల్డింగు గీసింది ఆంధ్రోడంట గద? ఆడు పైననే ఉన్నడంట గద?"

అందరి తలలూ పైకి లేచాయి. స్లాబు అంచున, చేతిలో కొలత కర్రతో రామస్వామి నిలబడి ఉన్నాడు. కూలీలు తట్టలు పట్టుకుని ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.  ఆ కుర్రాళ్ల చేతుల్లో రాళ్లున్నాయి. వాళ్లు రామస్వామిని ఏం చేస్తారో అన్న భయం నిజమే. తన బిల్డింగుని ఏం చేస్తారో అన్న భయం కూడా నిజమే. ఈ రెండిట్లో ముందు ఏది పుట్టిందని ఆయన ఆ తర్వాత ఎన్నోసార్లు తనని తాను ప్రశ్నించుకున్నాడు.

"ఎవ్వలన్నరు?" అన్నాడు జనార్ధన్, పైన ఉన్నవాళ్లకి కూడా వినపడేంత గట్టిగా. "గీసింది మా యెహెజ్కేలు మేస్త్రి. గాయనెవ్వలో కూలోళ్ల హాజరు రాసెటోడు. రోజు కూలికి ఒచ్చిండు."

జంగయ్యకి నిజం తెలుసు. వాడు చటుక్కున తల దించుకున్నాడు. యెహెజ్కేలు చేతిలోని తాపీ కింద పెట్టి రామస్వామి వైపు చూశాడు. గుంపు ఆ మాటతో తృప్తిపడింది కానీ పని ఆపాల్సిందేనంది.

రామస్వామి నిచ్చెన దిగాడు. నక్షా చుట్టని చంకలో పెట్టుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు. చొక్కా మీది మాలు అప్పటికి ఎండిపోయింది. జనార్ధన్ ముందునుంచే వెళ్లాడు గానీ ఆయన వంక చూడలేదు. హాజరు రాసేవాడికి యజమానితో ఏం మాటలుంటాయి? గుంపు పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఒక్క పిలుపు పిలిస్తే ఆగేవాడేమో. జనార్ధన్ పిలవలేదు.

"పటేలా, ఎక్కడ ఆపాలె?" అన్నాడు యెహెజ్కేలు. "గా జాగ సారు చూపిస్తనన్నడు."

"ఎక్కడిదాక ఒచ్చిందో గక్కన్నే ఆపు" అన్నాడు జనార్ధన్.

ఎక్కడిదాకా వచ్చిందంటే సరిగ్గా ఒక దుకాణం నెత్తి మీదికి, పలకైనా అడ్డం పెట్టకుండానే ఆపేశారు. మర్నాడు మిగతా సగం పోశారు. పైకి చూస్తే ఏమీ తెలియలేదు. ఆషాఢంలో మొదటి పెద్దవాన కురిసినప్పుడు తెలిసింది. నిన్నటి స్లాబూ ఇవాళ్టి స్లాబూ కలిసిన గీత వెంట, కొస నుంచి కొసకి, నీళ్లు కారాయి. డాంబరు పోశారు. సున్నం, బెల్లం, కరక్కాయ కలిపి దట్టించారు. యెహెజ్కేలు తనకి తెలిసిన వైద్యాలన్నీ చేశాడు. గీత నల్లబడి ఇంకా స్పష్టంగా కనిపించసాగింది తప్ప కారడం ఆగలేదు. ఆ స్లాబు మీద ఇంకో అంతస్తు బరువు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. పై అంతస్తుల కోసం స్తంభాల మీద వదిలిన ఇనప ఊచలు ఆకాశంలోకి అలాగే నిలబడ్డాయి. బస్సు కండక్టర్లు మాత్రం ఆ స్టాపుని "చికాగో" అని పిలవడం మొదలుపెట్టారు. ఎగతాళికి పుట్టిన పేరు ఇట్టే అతుక్కుపోతుంది.

"ఎంత మంచిగ గీసినవ్ మేస్త్రీ!" అని ఎవరైనా ఆ గుండ్రటి మూలని మెచ్చుకుంటే, యెహెజ్కేలు పనిముట్లు కింద పెట్టి మరీ చెప్పేవాడు. "నేను గీయలే. రామస్వామి సారు గీసిండు." జనార్ధన్ పక్కనున్నా అలాగే చెప్పేవాడు.

గొడవైన వారానికి జనార్ధన్ రామస్వామి ఇంటికి వెళితే తాళం వేసి ఉంది. బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడన్నారు. రెండు వానాకాలాలు గడిచాయి. మూడోది రాకముందే, తోటలో ద్రాక్ష చేతికొచ్చిన రోజుల్లో, ఆండాలు ఒక బుట్ట నిండా పళ్లు సర్ది మొగుడి ముందు పెట్టింది.

"విజయవాడల ఉన్నడంట. పోయి కాళ్లు పట్టుకో. సిగ్గుపడుకుంట ఎన్నొద్దులు బతుకుతవ్? గాయనొచ్చి చూస్తెగాని గిది బాగుపడది, నువ్వు బాగుపడవ్."

జనార్ధన్ తన మేడ ముందే విజయవాడ బస్సు ఎక్కి వెళ్లాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. ముందు తప్పు ఒప్పుకోవాలి. తర్వాత స్లాబు సంగతి చెప్పాలి. తర్వాత బతిమాలి వెంట తీసుకురావాలి.

ఆఫీసు వరండాలో రామస్వామి ఎదురొచ్చాడు. చిక్కిపోయాడు. జనార్ధన్‌ని చూడగానే మొహం విచ్చుకుంది, గబగబా వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"సారూ, గా దినం నేను..." అని మొదలుపెట్టాడు జనార్ధన్.

"వదిలేయండి జనార్ధన్ గారూ. అంతమంది మీద పడితే ఎవరైనా ఏం చేస్తారు? తప్పు నాదండీ." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "కోపంలో వచ్చేశాను. ఎక్కడ ఆపాలో చూపించకుండా వచ్చేశాను. నిచ్చెన దిగే ముందు ఒక్క నిమిషం ఆగి, అదిగో అక్కడ అని వేలు పెట్టి చూపిస్తే సరిపోయేది. నా మొదటి బిల్డింగు నా చేత్తోనే పాడుచేసుకున్నానని ఈ రెండేళ్లూ నిద్ర లేదు. వాన పడితే మా ఇంటి కప్పుకేసి చూస్తూ మీ స్లాబే తలుచుకుంటాను. నిజం చెప్పండి. నీళ్లు కారుతున్నాయా?"

జనార్ధన్ అతని మొహంలోకి చూశాడు.  ఒకసారి ఈ మనిషిని అందరి ముందూ లేకుండా చేశాడు. ఇప్పుడు ఔనంటే, తన పాపం కూడా ఇతని నెత్తినే పెట్టినట్టవుతుంది.

"లేదు సారూ. ఒక్క సుక్క గూడ కారలే."

రామస్వామి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు, ఆ తట్ట ఎత్తిన నాటి నవ్వే. ఆ వెంటనే అడిగాడు. "మరి పై అంతస్తులు వేయలేదేం? మొన్న హైదరాబాదు వెళ్తూ బస్సులోంచి చూశాను. ఊచలు అలాగే ఉన్నాయి."

"తోట దెబ్బతిన్నది సారూ. జర చేతులు కట్టేసినట్టయింది."

"కుదురుకోగానే వేసేయండి. కింది స్లాబు గట్టిగా ఉందిగా, ఇంక భయమేముంది? నన్నడగక్కర్లేదు కూడా. నక్షా నా దగ్గరే ఉండిపోయింది, ఆగండి." లోపలికి పరుగెత్తి, ఆ రోజు చంకలో పెట్టుకుపోయిన చుట్టనే తెచ్చి జనార్ధన్ చేతిలో పెట్టాడు.

కాదంటే ఎందుకని అడుగుతాడు. వచ్చి చూడమంటే వచ్చి చూస్తాడు. జనార్ధన్ నక్షా తీసుకుని, ద్రాక్షబుట్ట అక్కడ పెట్టి, బస్సెక్కాడు.

ఆయన చికాగో స్టాపులో దిగేసరికి ఎండాకాలపు గాలివాన ఒకటి కురిసి వెలిసింది. కింది దుకాణంలో దర్జీ తన మిషను ఒక పక్కకి జరుపుకుంటున్నాడు. గీత కింద బొక్కెన పెట్టి ఉంది. యెహెజ్కేలు తలగుడ్డ చేతిలో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"సారు ఒస్తున్నడా పటేలా?"

"లేదు."

"గిది ఎట్ల బాగుచెయ్యాల్నో చెప్పిండా?"

"నేను అడగలే. తప్పంత తనదే అనుకుని నిద్ర పోతలేడు. మంచిగున్నదని చెప్పిన."

యెహెజ్కేలు ఆయన వంక చూశాడు. ఇంతకాలం మనసులో దాచుకున్న కోపమేదో ఆ చూపులోనే కరిగిపోయింది. బొక్కెన నిండితే పట్టుకెళ్లి బయట పారబోసి, మళ్లీ గీత కింద సరిగ్గా పెట్టాడు.

"అయితే ఇగ మీదికి కట్టేది లేదు గద పటేలా. గా మీది ఇనుప సలాకలు ఊకెనే తుప్పు పడుతున్నయి. కోసెయ్యమంటవా?"

జనార్ధన్ బయటికొచ్చి పైకి చూశాడు. కడిగిన ఆకాశంలో ఊచలు ఎర్రగా మెరుస్తున్నాయి. విజయవాడ బస్సొకటి మలుపు తిరుగుతూ ఆ గుండ్రటి మూల దగ్గర నెమ్మదించింది. కిటికీల్లో మొహాలన్నీ ఒకసారి పైకి చూశాయి.

"కొయ్యకు" అన్నాడు. "రేపు సిమెంటు పాలు కలిపి పుయ్యి. తుప్పు కనపడొద్దు. సారు బస్సుల పోయెటప్పుడు చూస్తడు."