సోమవారం ఆయాసం

మా ఆయన రాజమల్లయ్య తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. ఆదివారం ఇంట్లో ఒక గ్లాసు నేనూ తాగుతాను, అందులో దాపరికమేముంది? ఒక సోమవారం జిన్నింగ్ మిల్లులో పత్తి ఎత్తుతుంటే ఛాతీ పట్టేసి కూలబడ్డాను. వారానికోసారి వచ్చే కంపెనీ డాక్టరు శైలేందర్ దగ్గరికి తీసుకుపోయారు. సోమవారం ఎవరు ఆయాసమన్నా ఆయన మాట ఒకటే. నా నోటి వాసనైనా చూడకుండా అందరి ముందూ అనేశాడు.

"ఆదివారం తాగుడు, సోమవారం పడుడు. ఇంకోపారి గిట్లయితే పనిల నుంచి తీసెయ్యమంట కొండవ్వా."

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి ఆ ఉక్రోషమంతా మా ఆయన మీద చూపించాను. నీ కల్లే నా పరువు తీసిందని కుండెత్తి వాకిట్లో పారబోశాను. ప్రాణానికి తెగించి చెట్టెక్కి దించుకొచ్చిన కల్లు అది. పాపం, ఖాళీ కుండ తీసి కడిగి పెట్టుకున్నాడు. ఆ ఆదివారం నేను చుక్క ముట్టలేదు. అయినా సోమవారం మళ్ళీ ఛాతీ పట్టింది.

ఈసారి నాకు ఒళ్ళు మండింది. డాక్టరు ఆఫీసు గదిలో కూర్చుని ఉన్నాడు. ఏడాదిగా వస్తున్నా ఆ మనిషి మిల్లు లోపల అడుగు పెట్టింది లేదు.

"సారూ, నిన్న చుక్క తాగలే. నా పిల్లల మీద ఒట్టు. మేం పనిచేసే జాగ ఎట్లుంటదో ఒక్కపారి వచ్చి చూడున్రి."

ఏమనుకున్నాడో, లేచి వచ్చాడు. లోపల పత్తి దుమ్ముకు ఎదుటి మనిషి ఆనడం లేదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఈ ఆయాసం ఎప్పుడు తగ్గుతది?" అని నన్నడిగాడు.

"రెండు మూడు దినాలకు తగ్గుతది. ఆదివారం సెలవు పోయినంక మళ్ల షురువైతది."

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

"ఇది కల్లు కాదమ్మా, పత్తి దుమ్ముతోని వచ్చే రోగం. సెలవు తర్వాత మళ్ల దుమ్ము పీల్చంగనే గట్టిగ పట్టుకుంటది. పత్తి మిల్లుకు డాక్టర్‌గ వచ్చేటోనికి ముందుగాల తెల్వాల్సింది ఇదే," అన్నాడు, నాకొక్కదానికే వినబడేలా.

కల్లు పారబోసిన నా చేతుల్ని చూసుకుంటే నాకే సిగ్గేసింది.

"నన్ను అన్నప్పుడు అందరు విన్నరు సారూ. గిది గూడ అందరు వినాలె."

మిషన్లు ఆపించి చెప్పాడు. తల వంచుకునే చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. మొన్న అందరికంటే గట్టిగా నవ్విన లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"నాకు గూడ నిరుటి సంది గిట్లనే పడుతుంది సారూ."

ఆ వెనక ఇంకో ఇద్దరు, మాకూ అంతేనన్నారు.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

లింగవ్వ నా వైపు చూసింది.

"కొండవ్వను అన్నట్టె నన్ను గూడ అంటరని."