పిన్ని సాస్‌కి వచ్చిన పేరు

ఆ ఆఫీసు క్యాంటీన్‌లో వంట చేసే ఆవిడని మేనేజరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ పిన్ని అనే పిలుస్తారు. ఇరవై ఏళ్లుగా ఆవిడ వంటకి వంక పెట్టిన నాథుడు లేడు. అలాంటిది ఆ సోమవారం సలహాల బోర్డు మీద ఎవరో ఎర్ర పెన్నుతో రాశారు: "పిన్ని సాస్ డోప్."

పిన్నికి సాస్ తెలుసు, డోప్ తెలీదు. ఇంటికెళ్లి, మందుల షాపులో పనిచేసే మొగుణ్ణి అడిగింది.

"మత్తుమందు," అన్నాడాయన పేపరు దించకుండానే. "ఆటగాళ్లు వేసుకుని దొరికిపోతుంటారే, అది."

పిన్ని గుండెల్లో రాయి పడింది. తను వేసిందల్లా టమాటాలు, వెల్లుల్లి, కాసిని మిరియాలు.

మర్నాడు పొద్దున్నే అక్కవాళ్లింటికి వెళ్లింది. బావ రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. మరదల్ని ఏడిపించే సందు దొరికితే కాఫీ కూడా మర్చిపోతాడు.

"మొద్దావతారం అని కూడా అర్థముంది మరదలా. సాస్‌నన్నారో, నిన్నన్నారో కనుక్కో."

"నిన్నడగడం నాదే బుద్ధితక్కువ," అని లేచింది పిన్ని.

"కూర్చోవే," అంటూ లావుపాటి డిక్షనరీ దించాడు బావ. వేలు కిందికి జరిగేకొద్దీ మొహంలో వెటకారం తగ్గింది. లోపలి కబురు అనీ ఉంది, చిక్కటి పాకంలాంటిది అనీ ఉంది. అసలు మూలం డచ్చివాళ్ల మాటట: ముంచుకు తినే సాస్.

"అయితే వంటింట్లో పుట్టిన మాటేనా?"

"పుట్టడం అక్కడే. తర్వాత ఊళ్లు తిరిగి చెడిపోయింది."

మధ్యాహ్నం పిన్ని గరిటె పట్టుకునే అడిగింది, రాసిందెవరని. బొమ్మలు గీసే కొత్తమ్మాయి చెయ్యెత్తింది.

"నేనే పిన్నీ. అదిరిపోయిందని రాశాను."

"మత్తుమందంటున్నారు మా ఆయన."

"మొన్న నా బొమ్మ చూసి 'చంపేశావే పిల్లా' అన్నారు మీరు. నేను కేసు పెట్టానా?"

బల్లలన్నీ గొల్లుమన్నాయి. పిన్నికీ నవ్వాగలేదు. బావ చెప్పిన డచ్చి కథంతా విప్పి చెప్పి, ఆ పిల్ల ప్లేటులో ఇంకో గరిటె సాస్ వేసింది. "ఇకనుంచి ఏదైనా నాకర్థమయ్యే తెలుగులో చెప్పు తల్లీ," అంది.

మర్నాడు ఆ పిల్ల కౌంటరు దగ్గరికొచ్చి మెల్లిగా అంది, "సూప్‌లో ఉప్పెక్కువైంది పిన్నీ."

పిన్ని రుచి చూసింది. నిజమే.

"ఈ ముక్క ఇంగ్లీషులో చెప్పినా బాగుండేది," అని నీళ్లచెంబు అందుకుంది.