వేళ్ళ కొసలు

ఆరిపోయిన గమ్మును వేలి కొస నుంచి ఊడదీయడం ఒక విద్య. గోటితో గీకితే చర్మం కూడా లేస్తుంది. వేడినీళ్ళలో నానబెడితే మెత్తబడినట్టే మెత్తబడి మళ్ళీ బిగుసుకుంటుంది. కొబ్బరినూనె రాసి, ఉప్పు అద్ది, గరుకురాయి మీద ఓపిగ్గా రుద్దాలి. డ్యూటీకి టైమవుతుంటే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? గుజరాత్‌లోని డిండోలిలో తమ రెండు గదుల ఇంటి వెనక, కుళాయి దగ్గర కూర్చుని ఇందుజ రుద్దుతూనే ఉంది. పెళ్ళి దగ్గరపడ్డ పిల్ల పొద్దున్నే ముఖానికి మీగడో పసుపో రాసుకుంటుందని అనుకుంటాం. ఈ పిల్ల వేళ్ళకు ఉప్పు రాసుకుంటోంది.

“ఛాయ్ సల్లారుతున్నదే ఇందూ. ఎంతసేపు రుద్దుతవు, వేళ్ళు అరిగిపోతయి,” లోపలి నుంచి తల్లి అంది.

“అరిగితే అరగనీ అమ్మా. గమ్ము పోతే చాలు.”

ఆ వేళ్ళతోనే ఆమె ఉద్యోగం. మెయిన్ రోడ్డు మీది ల్యాబులో రక్తం తీస్తుంది. నరం కంటికి కనబడేది ఏ కొందరికో. మిగతావాళ్ళకు చూపుడువేలి కొసతో మెల్లగా నొక్కి, చర్మం కింద మెత్తగా అణిగి మళ్ళీ లేచే చోటును పట్టుకోవాలి. ఆ చోటు దొరికిందంటే ఇక సూదిపని ఎంతసేపు? ఇందుజ వేలికి అది ఇట్టే దొరికేది. ల్యాబులో అందరికంటే పెద్దదైన హేతల్‌బెన్ కూడా కష్టమైన చేతులన్నిటినీ ఆమెకే వదిలేసేది. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల తను. ఆ పని దొరికిన రోజు, మరమగ్గాల కార్ఖానాలో ఇరవైనాలుగ్గంటల మోత విని విని చెవులు సగం పోయిన తండ్రి సోమలింగం, పక్కింటివాళ్ళందరికీ అవసరానికి మించిన గొంతుతో చెప్పుకొచ్చాడు.

రాజ్‌కిరణ్‌ను ఆమె మొదట చూసింది ఆ ల్యాబులోనే. అతనిది కష్టమైన చెయ్యి కాదు, మనిషే కష్టమైనవాడు. పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో రంగులు కలిపే పని అతనిది. మిల్లువాళ్ళు అందరినీ రక్తపరీక్షలకు పంపిస్తే, తోటివాళ్ళను ఒక్కొక్కరినే ముందుకు తోసి, తోయడానికి ఇంకెవరూ మిగలక కుర్చీలో కూర్చున్నాడు. వేళ్ళ సందుల్లో నీలిరంగు ఇంకా ఉంది. చెయ్యి చాపి, తల గోడవైపు తిప్పి, కళ్ళు మూసుకుని, “అవ్వో, ఇగ నేను సచ్చిన,” అని గొణుక్కున్నాడు. ఆ గొణుగుడు తెలుగులో ఉండేసరికి ఇందుజకు నవ్వొచ్చింది.

“అయిపోయింది. దూది గట్టిగ పట్టుకోండ్రి,” అంది.

అతను ఒక కన్ను తెరిచాడు. “ఎప్పుడు గుచ్చిండ్రు? నాకు తెల్వనే లేదు. మీ చెయ్యి మస్తు అల్కగున్నది మేడం.”

రిపోర్టు ఫోనుకే వస్తుందని చెప్పినా తీసుకోవడానికి స్వయంగా వచ్చాడు. తర్వాత షుగరు చూడమని వచ్చాడు. ఆ తర్వాత థైరాయిడ్ అట. సూదిని చూస్తే కళ్ళు తిరిగే మనిషి తన కాళ్ళతో తాను మళ్ళీ మళ్ళీ వచ్చి చెయ్యి చాపుతుంటే ఎంత రాతిగుండైనా కరుగుతుంది, ఇందుజది రాతిగుండె కాదు. “ఇస్‌కా ఖూన్ ఖతమ్ హో జాయేగా. తూ హీ కుఛ్ బోల్ దే,” అంది హేతల్‌బెన్, ఇతని రక్తమంతా అయిపోయేలా ఉంది, నువ్వే ఏదో ఒకటి చెప్పెయ్యమని. ఇందుజ బోల్ దియా. ఆదివారం ఇద్దరూ డుమస్ తీరానికి వెళ్ళారు. నల్లటి ఇసుకలో నడిచి, టమాటా భజియాలు తిని, చేతులు తుడుచుకుంటూ ఆమె ముందే చెప్పాల్సిన మాట ముందే చెప్పింది.

“పెండ్లయినంక గూడ నేను డ్యూటీకి పోత. తర్వాత తర్వాత అనొద్దు.”

“నిన్ను వద్దనేటోళ్ళెవరు? ఆ చెయ్యి చూసే కద నేను పడ్డది.”

అతను అబద్ధం చెప్పలేదు. ఆ మాటన్నప్పుడు అతని ముఖం చూసినవాళ్ళెవరైనా నమ్ముతారు. ఆమె నమ్మింది, ఇష్టపడింది, రాత్రంతా ఆ మాటనే తిప్పి తిప్పి తలుచుకుంది.

ఇద్దరివీ సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన నేతపని ఇండ్లే. పెద్దవాళ్ళకు అడ్డం చెప్పడానికి కారణం దొరకలేదు. పిల్లను చూడటానికి వచ్చిన రోజు రాజ్‌కిరణ్ తల్లి విశాలాక్షి ఇందుజ రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళను ఇటూ అటూ తిప్పి చూసింది. “ఎంత సన్నటి వేళ్ళు బిడ్డా నీయి,” అంది. చూస్తున్నవాళ్ళంతా ఎంత ప్రేమో అనుకున్నారు. ఆ చేతులు చూసి మురిసినవాళ్ళు ఆ ఇంట్లో ఇద్దరు, కొడుకు ఒకందుకు, తల్లి ఒకందుకు. రెండోది ఎందుకో ఎంగేజ్‌మెంట్ అయిన వారానికి తెలిసింది.

తన ఇల్లున్న వడోద్ గల్లీల్లో విశాలాక్షిని ఎరగని ఆడవాళ్ళు లేరు. మార్కెట్ నుంచి చీరల మూటలు తెచ్చి ఇంటింటికీ పంచుతుంది. చీర అంచు మీద మెరిసే రాళ్ళను గమ్ముతో ఒక్కొక్కటిగా అంటించి తిరిగి ఇవ్వాలి. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే మూటలెక్కువ, చేతులు తక్కువ. మిఠాయి డబ్బాతో వచ్చిన కాబోయే అత్త మిఠాయి ముందుగదిలో పెట్టి, మూట వెనకగదిలో పెట్టింది. “పొద్దుగూకినంక ఖాళీనే కద బిడ్డా నువ్వు. జర చెయ్యి.” రెండో మూట వచ్చినప్పుడు ఇందుజ తల్లి నసుగుతూ కూలి మాట ఎత్తబోతే విశాలాక్షి నవ్వేసింది. “మన పని మనం చేసుకుంటె కూలేంది వదినె? రేపు ఆ ఇల్లు ఎవరిది, నీ బిడ్డది కాదా?” అంత మంచిమాట విని ఇందుజ తల్లి ఆ మూట అందుకుని లోపల పెట్టింది.

పగలు సూది, పొద్దుగూకాక గమ్ము. కాదనలేకపోవడానికి ఇందుజ నోట్లో నాలుక లేనిది కాదు. తండ్రి చేయించుకుంటున్న కొత్త చొక్కా, తల్లి మాటిమాటికీ “మంచి సంబంధం” అనడం, రాజ్‌కిరణ్ ఫోన్‌లో తీసే కూనిరాగం, ఇవన్నీ నాలుక మీద కూర్చునేవి. పైగా రాళ్ళంటించడం ఆ ఇంటికి కొత్త కాదు. తల్లి ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదదే. చిన్నప్పుడు స్నేహితురాళ్ళను ఇంటికి తీసుకొచ్చి మరీ చూపించేది ఇందుజ, మా అమ్మకు వేడి తగలదు, మసిగుడ్డ లేకుండా గిన్నె దించుతుంది చూడండని. తల్లి నవ్వుతూ దించేది. పిల్లలు నోళ్ళు తెరిచేవాళ్ళు. అది గొప్పతనం కాదనీ, ఆ వేళ్ళ కొసల్లో ప్రాణం ఏనాడో పోయిందనీ తెలియడానికి తన వేళ్ళు మొద్దుబారాల్సి వచ్చింది. ఆ సంగతి తట్టిన రోజు ఇందుజకు అన్నం సహించలేదు.

నెలనెలా షుగరు పరీక్షకు వచ్చే గుజరాతీ ముసలమ్మ ఒకావిడ ఉంది. ఇందుజ ఉందా అని అడిగి గానీ చెప్పు విప్పదు. ఆ రోజు ఆవిడ చేతి మీద ఇందుజ వేలు పెట్టి నొక్కింది. ఏమీ తెలియలేదు. గోడ మీద నొక్కినట్టుంది. అలవాటు మీద గుచ్చింది, రక్తం రాలేదు. ఇంకో చోట గుచ్చింది, రాలేదు. ముసలమ్మ చెయ్యి నల్లగా కమిలింది. “కాంయ్ వాంధో నథీ, బేటా,” పరవాలేదులే అని ఆవిడే ఇందుజ తల నిమిరింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. హేతల్‌బెన్ వచ్చి పని ముగించి, ఇందుజ వేళ్ళను వెలుతురులోకి లాగి చూసి, “ఇస్ ఉంగ్లీ సే నస్ కైసే మిలేగీ?” అంది, ఈ వేలికి నరం ఎట్లా దొరుకుతుందని. ల్యాబు నడిపే డాక్టరుగారు పిలిచి, పెళ్ళయ్యేదాకా కౌంటర్లో కూర్చుని పేర్లు రాయమన్నారు. పెళ్ళి సెలవు తర్వాత చెయ్యి బాగుంటే మళ్ళీ సూది, లేకపోతే కౌంటరుకు వేరే అమ్మాయి ఎలాగూ ఉంది, ఇక చూసుకో అన్నారు. కోప్పడలేదు. ఉన్నమాటే చెప్పారు.

సాయంత్రం రాజ్‌కిరణ్‌కు అంతా చెప్పింది. అతను నిజంగానే బాధపడ్డాడు. ఆమె చూపుడువేలు పట్టుకుని ఊదాడు కూడా, కాలిన వేలి మీద ఊదినట్టు.

“పెండ్లి దాక జర సబర్ చెయ్ ఇందూ. అమ్మ ఒక్కతే ఎంతని చేస్తది? నేను చెప్త.”

“ఎప్పుడు చెప్తవు?”

“చెప్త అంటున్న కద.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది అతని పరిస్థితి, పాపం అనుకుంది. ఆ పాపం అనుకోవడం కూడా తనకు ఇంకో పనే అయిందని కాసేపటికి తోచింది. మూటలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఆఖరిది పెళ్ళికి ముందురోజు పొద్దున వచ్చింది. సారెతో పాటు పూర్తిచేసి తెమ్మని కబురు.

ఆ మధ్యాహ్నం నానమ్మ బుచ్చవ్వ గోరింటాకు రుబ్బింది. గల్లీ చివర కోన్ పెట్టే అమ్మాయిలున్నారని ఎంత చెప్పినా వినలేదు. అరచేతిలో చందమామ, వేళ్ళకు టోపీలు, అంతకుమించి ముగ్గులేమీ వద్దంది. పెళ్ళిరోజు తెల్లవారి ఎండిన ఆకు రాల్చి చూస్తే చందమామ రక్తంలా పండింది. వేళ్ళకు పెట్టిన టోపీలు మాత్రం పండలేదు. కొసలన్నీ పాలిపోయి, మచ్చలు మచ్చలుగా, గమ్ము లేచిపోయిన చోట కాస్త ఎరుపు, మిగతాదంతా తెలుపు.

“అయ్యో, మొగుని పానం అరచేతి దాకనే వచ్చిందే,” అని మేనత్త నవ్వింది. అందరూ నవ్వారు. గోరింటాకు ఎర్రగా పండితే మొగుడు ప్రాణంగా చూసుకుంటాడన్నది అందరికీ తెలిసిన మాటే.

బుచ్చవ్వ నవ్వలేదు. ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా తడిమింది. తర్వాత వెనకగది గుమ్మంలోంచి కనబడుతున్న కోడలి వేళ్ళ వైపు చూసింది. “ఆకు మంచిదే బిడ్డా,” అంది మెల్లగా. “నీ అమ్మ పెండ్లి నాడు పండినయి. మల్ల ఎన్నడు పండలే.”

ఇందుజ తల్లి అప్పటికే వెనకగదిలో మూట ముందేసుకుని కూర్చుంది, ముహూర్తం లోపల సగమైనా అంటిద్దామని. కూతురు పెళ్ళిరోజున, పట్టుచీర కట్టుకోకుండా, గమ్ము డబ్బా మూత తిప్పుతోంది. ఇందుజ వెళ్ళి ఆ డబ్బాను చేతిలోంచి తీసుకుంది.

“వాళ్ళేమనుకుంటరే?” తల్లి కంగారుపడింది.

“అనుకోనీ అమ్మా. నువ్వు లేచి తల దువ్వుకో.”

మూట ముడి ఇంకా విప్పలేదు. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా తీసుకెళ్ళి సారె గంపలో పెట్టింది. పైన లడ్డూలు, సకినాలు, పసుపు కుంకుమ సర్దారు. ఆమె మనసు అప్పుడు చాలా నెమ్మదిగా ఉంది. చాలా రోజుల తర్వాత ఛాయ్ వేడిగా తాగింది.

పెళ్ళి డిండోలిలోనే ఒక హాల్లో జరిగింది. చిటికెనవేలు పట్టుకుని నడవాల్సిన చోట రాజ్‌కిరణ్ పట్టుకుని, ఆగి, వేలి కొసను బొటనవేలితో తడిమాడు.

“గిట్ల గట్టిగైందేంది?”

“గమ్ము.”

అతను తల్లి కూర్చున్న వైపు చూశాడు. మళ్ళీ ముందుకు చూశాడు. “చెప్త,” అన్నాడు గొంతు తగ్గించి. ఇందుజకు కోపం రాలేదు. మనిషి మంచివాడే. కాకపోతే ఆ మంచితనం కూడా అరచేతి దాకానే పండింది, కొసల దాకా రాలేదు, అంతే.

అప్పగింతలప్పుడు ఆమె చేతులు పాలలో ముంచి విశాలాక్షి చేతుల్లో పెట్టారు. సోమలింగం “నా బిడ్డను మీ చేతుల పెడుతున్నమ్మా” అని పెద్ద గొంతుతోనే మొదలుపెట్టి మధ్యలో ఏడ్చేశాడు. విశాలాక్షి కూడా ఏడ్చింది. అవి నిజం కన్నీళ్ళే, ఆవిడకు కూతుళ్ళు లేరు.

సాయంత్రం వడోద్ ఇంట్లో సారె విప్పారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. కొత్తకోడలు తెచ్చిందేమిటో అందరికీ ఎత్తి చూపించడం ఆనవాయితీ. విశాలాక్షి లడ్డూలు చూపించింది, సకినాలు చూపించింది. అడుగున చెయ్యి పెట్టి మూటను పైకి తీసింది. తన చేత్తో వేసిన ముడి అలాగే ఉంది. అక్కడున్నవాళ్ళందరూ ఆ ముడిని ఎరిగినవాళ్ళే.

“ఇదేంది బిడ్డా, ముడి గూడ ఇప్పలే?”

“ఇప్పలే అత్తమ్మా. సెలవు కాంగనే డ్యూటీకి పోవాలె, మల్ల సూది పట్టాలె. గమ్ము వేళ్ళతోని నరం దొరుకుతలేదు. ఇగ నేను రాళ్ళు అంటియ్య.”

ఎవరో లడ్డూ నములుతూ నములుతూ ఆగిపోయారు. విశాలాక్షి అరవలేదు, అంత మందిలో అరిచే మనిషి కాదు. కొడుకు వైపు చూసింది, కోడలికి నువ్వు చెప్పు అన్నట్టు. ఇందుజ కూడా అతని వైపే చూసింది. గోడవారగా పెళ్ళిబట్టల్లో కూర్చున్న రాజ్‌కిరణ్ ఇద్దరినీ చూసి, “అమ్మా... అది...” అన్నాడు.

“ఎల్లుండికి ఆర్డరున్నది,” అంది విశాలాక్షి. “మరి ఎవలు చేస్తరు?”

ఇందుజ లేచి, మూటను అత్త చేతుల్లోంచి మర్యాదగా అందుకుని, తీసుకెళ్ళి అతని ఒళ్ళో పెట్టింది. “ఈయనకు గూడ చేతులున్నయి కద అత్తమ్మా,” అంది.

మూట జారిపోకుండా రాజ్‌కిరణ్ రెండు చేతులతో పట్టుకున్నాడు. పెళ్ళికని వారం ముందే సెలవు పెట్టాడేమో, నీలిరంగు పూర్తిగా పోయి, అతని పది వేళ్ళూ గోరింటాకుతో కొసల దాకా ఎర్రగా పండి ఉన్నాయి.