అందరూ ఒక్కసారిగా

కరెంటు ఆఫీసు నుంచి ఆఖరి నోటీసు వచ్చిన రోజు పెద్దమ్మాయి దాన్ని చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది. నెలాఖరులోగా లోడు తగ్గించకపోతే లాండ్రీకి సరఫరా ఆపేస్తామని ఉంది. ఎన్నిసార్లు విప్పినా అందులో మాట మారలేదు.

ఆవిడ అసలు పేరు పెద్దమ్మాయి కాదు. తల్లి లాండ్రీ నడిపే రోజుల్లో పనివాళ్ళు అలా పిలవడం మొదలుపెట్టారు. తల్లి పోయి, తనకే జుట్టు నెరిసి, గల్లాపెట్టె ముందు కుర్చీలో తనే కూర్చున్నా ఆ పిలుపు మాత్రం వదల్లేదు. ఆస్పత్రి దుప్పట్లు, హోటలు తువ్వాళ్ళు ఉతికే లాండ్రీ అది. ఒక మూల ఆవిరి పుట్టించే పెద్ద కరెంటు బాయిలరు, గోడ పొడుగునా ఉతికే మిషన్లు, వాటికి ఎదురుగా ఆరబెట్టే మిషన్లు, కిటికీ కింద ఇస్త్రీ బల్లలు. కరెంటు పోతే ఆ హాల్లో మిగిలేది తడిబట్టల వాసనే.

ఆస్పత్రి వాళ్ళు ఇంకో అంతస్తు లేపి దుప్పట్లు ఎక్కువగా పంపడంతో మొదలైంది ఇదంతా. పని పెరిగింది, దాంతోపాటు బిల్లూ పెరిగింది. పని పెరిగినందుకు ఆవిడ సంతోషించింది, బిల్లు పెరిగినందుకు మండిపడింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని మాత్రం తోచలేదు. ఎక్కడో కరెంటు కారిపోతోందని తీర్మానించేసి, కళ్ళలో వత్తులు వేసుకుని వెతికింది. దొరికింది మావయ్య.

మావయ్య అంటే ఆవిడ తల్లికి తమ్ముడు. తల్లి కాలం నుంచీ బాయిలరు ఆయన చేతుల్లోనే ఉంది. వీధిలో ఎవరూ తలుపులు తీయకముందే వచ్చి, బాయిలరు వేసి, పక్కన స్టూలు లాక్కుని కూర్చునేవాడు. ఉతకడానికి ఒక్క గుడ్డ లేకుండా అది కాలుతుంటే చూసి పెద్దమ్మాయికి ఒళ్ళు మండింది. ఇంత పెందలాడే ఎందుకు వేస్తున్నావని అడిగితే మావయ్య నీళ్ళు నమిలాడు. దాంతో ఆవిడ అనుమానం కాస్తా రుజువైపోయింది. పనివాళ్ళందరి ముందూ అనేసింది.

"మీ ఇంట్లో పొయ్యయితే ఇలాగే ఊరికే మండిస్తావా మావయ్యా?"

ఆయన లాండ్రీ తాళంచెవి గల్లాపెట్టె మీద పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆవిడా పిలవలేదు.

ఆ తర్వాత కొత్త పద్ధతి వచ్చింది. అందరూ చేరేదాకా ఎవరూ ఒక్క స్విచ్చి వేయకూడదు. బాయిలరు దగ్గర పెద్దమ్మాయి చెల్లెలు, మిషన్ల దగ్గర ఉతికేవాళ్ళు, బల్లల దగ్గర ఇస్త్రీవాళ్ళు ఎవరి స్విచ్చి మీద వాళ్ళు చెయ్యి వేసి నిలబడాలి. పెద్దమ్మాయి హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొడుతుంది. దెబ్బకి అన్నీ ఒకేసారి మొదలవుతాయి. తడిగుడ్డ వచ్చేలోపల వేడెక్కి ఉంటాయని ఆరబెట్టే మిషన్లు సైతం ఖాళీగా తిరుగుతాయి. ఆ క్షణంలో దీపాలు ఒకసారి మసకబారేవి. ఆవిడ కంటికి అది కూడా క్రమశిక్షణలాగే కనబడింది.

లోడు మించిందని మొదటి నోటీసు వచ్చింది. లోడంటే మొత్తం వాడకం కాబోలనుకుని ఫ్యాన్లు ఆపించింది. రెండోది వచ్చింది. సగం దీపాలు తీయించి, టీ కాచుకునే హీటరును ఇంటికి పట్టుకుపోయింది. ఆరిన దుప్పటి తన చెమటతో మళ్ళీ తడుస్తోందని ఇస్త్రీ మనిషి విసుక్కున్నాడు. చప్పట్లు మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు. ఇప్పుడు ఈ ఆఖరిది. ఇంతమంది పొట్ట కొట్టి, తల్లి కష్టాన్ని తన చేతుల్తోనే ముంచేస్తున్నాననిపించింది ఆవిడకు.

చెల్లెలు పోరగా పోరగా పెద్దమ్మాయి ఫ్యాక్టరీల్లో కరెంటు వాడకం కొలిచే ఆయన్ని పిలిపించింది. ఆయన వచ్చి మెయిను తీగలకు గాజుల్లాంటి కొక్కేలు తగిలించి, ఒక పెట్టె వదిలి వెళ్ళాడు. కొన్నాళ్ళాగి వచ్చి, పెట్టె రాసుకున్నదంతా గీతగా తీసి చూపించాడు. గీత రోజూ పొద్దున ఒకచోట నిట్టనిలువుగా లేచి, కాసేపటికి దిగి, మిగతా రోజంతా బుద్ధిగా పోతోంది. ఇక్కడేం జరుగుతుందని అడిగాడు. ఆవిడ తన చప్పట్ల సంగతి కాస్త గొప్పగానే చెప్పింది. ఆయన నవ్వలేదు.

"రోజంతా ఎంత వాడారన్నది ఒక లెక్కండీ. ఒక్కసారిగా ఎంత లాగారన్నది ఇంకో లెక్క. నోటీసులో లోడంటే ఈ రెండోది. మీరు ఫ్యాన్లు ఆపినా ఇది తగ్గదు."

గుమ్మంలోంచి ఒకరి వెనక ఒకరు వెళితే ఎంతమందైనా దాటగలరని, అందరూ ఒకేసారి తోసుకుంటే గుమ్మమే ఊడుతుందని విడమరిచి చెప్పాడు. చల్లారిన బాయిలరు కాగేదాకా గుక్క తిప్పుకోకుండా లాగుతుంది. కాగాక దానికి కావలసింది కొంచెమే. మొదట పెరిగిన బిల్లుల సంగతి కూడా ఆయన చూసే ఉన్నాడు. వాడిన కరెంటును ఉతికిన బట్టల బరువుతో భాగిస్తే, కిలోకు అయ్యేది ఏళ్ళ తరబడి అంతే ఉంది. బట్టలు పెరిగాయి కాబట్టి బిల్లు పెరిగింది. ఎక్కడా ఏదీ కారిపోలేదు.

ఇదివరకు ఎలా మొదలుపెట్టేవారని అడిగాడు. పెద్దమ్మాయి ఆ గీత మీంచి చూపు తిప్పలేదు. చెల్లెలే చెప్పింది. మావయ్య ముందే వచ్చి బాయిలరు వేసేవాడు, మేం వచ్చేసరికి అది కాగి ఉండేది, తర్వాత ఉతికే మిషన్లు వేసేవాళ్ళం, గుడ్డలు పిండాకే ఆరబెట్టేవి. ఆ రోజుల్లో నోటీసులు వచ్చాయా అన్నాడాయన. ఒక్కటీ రాలేదు.

రేపట్నుంచి ఒకదాని తర్వాత ఒకటి వేయండి, నేను రిపోర్టు రాసిస్తాను అన్నాడు. కాని ఈ నెల మీటరు రాసుకున్నది రాసుకున్నదే, దాన్ని ఎవరూ చెరపలేరు. ఆఫీసువాళ్ళు రిపోర్టు చూసి ఆగవచ్చు, ఆగకపోవచ్చు. అంతకన్నా ధైర్యం ఆయన చెప్పలేకపోయాడు.

పెద్దమ్మాయి ఆ మధ్యాహ్నమే మావయ్య ఇంటికి వెళ్ళింది. సైకిళ్ళ కొట్టు వెనక రెండు గదుల ఇల్లు. తలుపు తీసిన అత్తయ్య రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. లోపల మావయ్య మంచం మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. రెండు మోకాళ్ళకీ గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఆవిణ్ణి చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ వెనక్కి వాలాడు. దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఆవిడకు అక్కరకు రాలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

"పొద్దున్నే మోకాళ్ళు పట్టేసేవమ్మా. బాయిలరు పక్కన కూర్చుంటే కాస్త వదిలేవి. అందుకే ముందొచ్చి వేసేవాణ్ణి. నువ్వడిగితే చెప్పడానికి సిగ్గేసింది. నీ కరెంటుతో నా కాళ్ళు కాచుకున్నాను మరి."

ఆ రోజు నుంచి ఇంట్లో కాపడం కూడా పెట్టనివ్వడం లేదని అత్తయ్య గోడకేసి చూస్తూ అంది. వేడినీళ్ళు తెస్తే గిన్నె అవతలికి నెట్టేస్తున్నాడట.

మావయ్య ఆ మాట పట్టించుకోలేదు. పెద్దమ్మాయి ముఖంలోకి ఆశగా చూస్తూ అడిగాడు.

"నేను మానేశాక బిల్లు తగ్గిందామ్మా?"

తగ్గిందంటే ఆయన దొంగగానే మిగిలిపోతాడు. తగ్గలేదంటే ఈ బాధంతా ఉత్తి పుణ్యానికే పడ్డట్టు. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"పెరిగింది మావయ్యా. నువ్వు వెళ్ళాకే లోడు మించి నోటీసులు వచ్చాయి. నువ్వు ముందొచ్చి వేయబట్టే ఇన్నాళ్ళూ నడిచింది. నాకే తెలీలేదు. ఇప్పుడు లైను పీకేస్తారేమో."

లాండ్రీ పోతుందన్న మాట ఆయన చెవిన పడిందో లేదో తెలియలేదు.

"అయితే నా వల్ల కాదన్నమాట" అన్నాడు.

అత్తయ్యకు వినబడేలా అదే మాట మళ్ళీ అన్నాడు. అని, తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు. పెద్దమ్మాయి మంచం పట్టె మీద కూర్చుని ఆయన మోకాళ్ళ మీద చేతులు వేసింది. గుడ్డల కింద అవి చల్లగా ఉన్నాయి.