బాబూరావుగారి కోసం వేడెక్కిన ఇంజను

గుమ్మంలోకొచ్చిన మనిషి చేత పని చేయించడమంటే పోలిరాజుకి ప్రాణం ఒప్పదు. రాజోలు చుట్టుపక్కల మర్యాదలు ఎవరికీ తక్కువ కావు గానీ, ఈయనది మరీ చోద్యం. కుర్చీ తుడిచి వేసి, కాఫీ గ్లాసు చేతిలో పెట్టేదాకా వచ్చినవాణ్ణి ఊపిరాడనివ్వడు.

ఉన్న వరిచేను తవ్వి రొయ్యల చెరువు చేశాడు. ఉప్పునీళ్ళు తాగిన నేల మళ్ళీ వరికి పనికిరాదు కనక, ఇక రొయ్యే దిక్కు. కిందటి రెండు పంటలూ తెల్లమచ్చ తెగులుకి పోయాయి. ఈసారి దేవుడు కరుణించినట్టే ఉంది, వచ్చే వారమే రొయ్యల పట్టుబడి. భయమల్లా గట్టు మీది పాత డీజిల్ ఇంజను గురించే. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి రొయ్యలు పైకి తేలతాయి. అప్పుడు ఆ ఇంజను, నీళ్ళు చిలికి గాలి కలిపే చక్రాల్ని చెరువులో తిప్పాలి. సరిగ్గా అప్పుడే అది మొరాయిస్తుంది. తెల్లటి పొగ కక్కి, దడదడలాడి ఆగిపోతుంది. హ్యాండిల్ తిప్పగా తిప్పగా ఎలాగో అందుకుంటుంది. కాస్త వేడెక్కిందా, ఇక ఏమీ ఎరగనట్టు బుద్ధిగా తిరుగుతుంది.

మెకానిక్కు బాబూరావు పంటు మీద గోదావరి దాటి వచ్చేసరికి ఎప్పుడూ పొద్దెక్కేది. వచ్చి ఫిల్టరు మార్చాడు, ట్యాంకు కడిగాడు, నాజిల్ విప్పి శుభ్రం చేశాడు. ఆయన వచ్చినప్పుడల్లా ఇంజను తిరుగుతూనే ఉండేది. వస్తున్నాడని తెలియగానే పోలిరాజు ముందే స్టార్టు చేసి ఉంచేవాడు మరి. అంత దూరం నుంచి వచ్చిన మనిషి హ్యాండిల్ పట్టుకుని అవస్థ పడడమేమిటని ఆయన బాధ. ఆపైన భార్య అచ్చాయమ్మ పెసరట్లు వేసేది.

"పొద్దున్నయితే చంపేస్తందండి బాబూరావుగారూ."

"ఇప్పుడు బానే తిరుగుతోంది కదండీ?"

"ఆయ్. ఇప్పుడు బానే ఉందండి."

ఇంకేం చెప్పగలడు? డాక్టరుగారి ముందు జ్వరం దాక్కుంటే రోగి గతేమిటి?

ఒకసారి బాబూరావు ఇంజను ఆపి, "నేను తిప్పి చూస్తానండి" అన్నాడు.

"మీరు తిప్పడమేంటండీ, చేతులు నల్లబడతాయి. కూర్చోండి" అంటూ పోలిరాజు హ్యాండిల్ లాగేసుకున్నాడు.

మెకానిక్కు చేతులు నల్లబడతాయట! పైగా ఈమధ్య హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతోందనీ, ఇంజను తన వయసు మీద జాలిపడిందనీ పెళ్ళాంతో చెప్పి మురిసిపోయాడు కూడా.

ఆ రోజు మబ్బు పట్టి, చలిగాలితో తెల్లవారుతోంది. రొయ్యలు ఒడ్డు చేరి మీసాలు పైకి పెట్టాయి. పోలిరాజు హ్యాండిల్ తిప్పాడు. పొగ వచ్చింది, దడదడలాడింది, ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అంతే. పక్క చెరువు గంగబాబు మెకానిక్కు కోసం మొదటి పంటుకి పరిగెత్తాడు. అచ్చాయమ్మ వేణ్ణీళ్ళు కాచి ఇంజను మీద పోసింది. చివరికి చెరువులోకి దిగి తెడ్డుతో నీళ్ళు కొట్టడం మొదలుపెట్టింది. అంత చెరువుకి ఒక్క తెడ్డు ఏ మూలకి? భుజాలు పడిపోయిన పోలిరాజు, ఆమెను ఆపమనలేక, ఇంజనుకి దణ్ణం పెట్టుకుంటూ నిలబడిపోయాడు.

బాబూరావు వచ్చేసరికి గట్టు పొడుగునా చచ్చిన రొయ్యలు, వాటి మీద కొంగలు.

అతను మొదటిసారి ఆ ఇంజనుని చల్లగా ఉండగా ముట్టుకున్నాడు. ఒక్క చుట్టు తిప్పాడు. హ్యాండిల్ ఏ అడ్డూ లేకుండా తిరిగిపోయింది.

"పిస్టను రింగులు అరిగిపోయేయండి. చల్లగా ఉంటే లోపల ఒత్తిడి నిలవట్లేదు. వేడెక్కితే కాస్త బిగుసుకుంటోంది. తిప్పుతుంటే చేతికి బరువు తగలాలండీ. ఇంత తేలిగ్గా తిరుగుతోందని ఒక్కసారైనా చెప్పలేదేంటండీ?"

పోలిరాజు ఒక మట్టిబెడ్డ తీసి కొంగల మీదికి విసిరాడు.

"మధ్యాహ్నానికల్లా బాగుచేసేస్తానండి" అన్నాడు బాబూరావు, చెరువు వైపు చూడకుండా.

"ఆయ్" అన్నాడు పోలిరాజు.

బాబూరావు మళ్ళీ హ్యాండిల్ అందుకోబోయాడు. అలవాటు కొద్దీ పోలిరాజు చెయ్యి ముందుకెళ్ళింది. సగంలో ఆగి వెనక్కొచ్చింది. తిప్పుకోనిచ్చాడు.